కాంపౌండర్లతో మొదలుపెట్టిన డాక్టరమ్మ

ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. ఇక ఇంట్లో రోజూ ఒకటే చర్చ. ల్యాబ్ టెక్నీషియనా, నర్సింగా, ఫార్మసీయా, డయాలసిసా, ఫిజీషియన్ అసిస్టెంటా? రోజుకో కళాశాల నుంచి ఫోను వస్తుంది. ఎవరు చేసినా చెప్పేది ఒకటే, చేరితే చాలు ఉద్యోగం ఖాయమని. ఫీజు వాయిదాల్లో కట్టుకోవచ్చని కూడా అంటారు. నాన్న ఖర్చు లెక్కేస్తుంటారు. అమ్మ హాస్టల్ గురించి అడుగుతుంటుంది. అమ్మాయి మాత్రం ఏ కోర్సు పేరు బాగుందో చూసుకుంటుంటుంది.

మీ ఇంట్లోనూ ఇదే పరిస్థితి ఉంటే ఆ కరపత్రాలన్నీ కాసేపు పక్కన పెట్టి ఓ డాక్టరమ్మ జీవితం చదవండి. ఆమె పేరు ఐడా సోఫియా స్కడర్. పేరు కొత్తగా అనిపించినా ఆమె కట్టిన ఆసుపత్రి మీకు కొత్త కాదు. జబ్బేమిటో ఊళ్లో తేలకపోతే నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా ఎన్నో కుటుంబాలు కాట్పాడికి రైలు టికెట్టు తీసుకుంటాయి. వేలూరు సీఎంసీ ఆమె చేతుల మీదుగా పుట్టిందే. అయితే అక్కడ మొదట మొదలైంది డాక్టర్ల చదువు కాదు. ముందు కాంపౌండర్ల శిక్షణ వచ్చింది, తర్వాత నర్సుల శిక్షణ, ఆ తర్వాతే డాక్టర్ల చదువు. మీరిప్పుడు వెతుకుతున్న కోర్సుల్లో మంచిదేదో, కానిదేదో తేల్చుకోవడానికి పనికొచ్చే గుర్తులన్నీ ఆ వరసలోనే కనిపిస్తాయి.

వద్దనుకున్న వృత్తి

ఐడా 1870 డిసెంబరు 9న ఉత్తర ఆర్కాటు జిల్లా రాణిపేటలో పుట్టారు. అప్పట్లో ఆ జిల్లాకు కేంద్రం మన చిత్తూరే. 1911లో చిత్తూరు వేరే జిల్లాగా ఏర్పడేదాకా వేలూరు, చిత్తూరు ఒకే జిల్లాలో ఉండేవి. రెండు ఊళ్ల మధ్య దూరం నేటికీ 40 కిలోమీటర్ల లోపే. చిత్తూరు వైపు పెద్దవాళ్లు వేలూరును రాయవేలూరు అనడం మీరు వినే ఉంటారు.

ఐడా తాత జాన్ స్కడర్ అమెరికాలో డాక్టరు. 1819లో ఓడెక్కి ముందు శ్రీలంకకు, తర్వాత మద్రాసుకు వచ్చారు. తండ్రి కూడా డాక్టరే. ఆ ఇంట్లో చాలామందికి వైద్యం, మిషన్ సేవ వారసత్వంగా వచ్చాయి. ఐడాకు మాత్రం ఆ దారి నచ్చలేదు. ఆరేడేళ్ల వయసులో, 1876-78 నాటి మహా కరువులో, ఆకలితో వచ్చిన పిల్లలకు ఆమె రొట్టె ముక్కలు పంచారు. ఆ దృశ్యాలు ఆమెను ఎంతో బాధించాయి. తర్వాత చదువు కోసం అమెరికా వెళ్లి మసాచుసెట్స్‌లోని నార్త్‌ఫీల్డ్ బడిలో చేరినప్పుడు, ఇండియాకు తిరిగి వెళ్లకూడదనే అనుకున్నారు. అక్కడే పెళ్లి చేసుకుని హాయిగా బతకాలన్నది ఆ వయసు కోరిక.

1890లో తల్లికి జబ్బు చేసిందని కబురొచ్చింది. తల్లి కోలుకునేదాకా ఉండి వెళ్లిపోదామని ఐడా తిండివనం వచ్చారు. అక్కడ ఒక రాత్రి ముగ్గురు మనుషులు, ఒకరి తర్వాత ఒకరు, ఆ ఇంటి తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, ఇంకొకరు మరో అగ్రకులానికి చెందిన హిందువు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టమై ప్రాణాపాయంలో ఉన్నారు. ఐడా రావాలని ముగ్గురూ వేడుకున్నారు. తనకు వైద్యం రాదని, డాక్టరైన తండ్రిని పంపుతానని ఆమె చెప్పారు. పరాయి మగవాడు తమ ఆడవాళ్లను చూడటం ఆచారం ఒప్పుకోదంటూ ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు.

చావు డప్పుల చప్పుడు మధ్య తెల్లవారిన ఆ రోజే, డాక్టర్నవుతానని ఐడా ఇంట్లో చెప్పారు. ఎవరూ బలవంతపెట్టలేదు. వైద్యం పెద్ద ఉద్యోగమనీ కాదు. దాని అవసరం ఎంతో ఆమె కళ్లారా చూశారు, అంతే. మీ పిల్లలను కోర్సులో చేర్పించే ముందు వాళ్లకూ ఆసుపత్రి ఎలా ఉంటుందో చూసే అవకాశం ఇవ్వండి. తెలిసినవాళ్ల ల్యాబ్‌లోనో, చిన్న నర్సింగ్ హోంలోనో నాలుగు రోజులు కూర్చోబెట్టండి. రక్తం చూసి కళ్లు తిరుగుతాయా, రాత్రి డ్యూటీ పడుతుందా, రోగి విసుక్కుంటే ఓర్చుకోగలరా అన్నది ఫీజు కట్టక ముందే తెలియాలి.

సగం దారిలో కళాశాల మార్పు

1895లో ఐడా అమెరికా తిరిగి వెళ్లి ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరారు. ఆడవాళ్లకు ప్రత్యేకంగా వైద్యం చెప్పే మంచి పేరున్న కళాశాల అది. 1898లో న్యూయార్క్‌లో కార్నెల్ విశ్వవిద్యాలయం కొత్తగా వైద్య కళాశాల తెరిచింది. అక్కడ ఆడపిల్లలకూ మగపిల్లలతో సమానంగా ప్రవేశం ఇచ్చారు. చదువు ముగింపు దశకు వచ్చినా ఐడా అక్కడికి మారిపోయి 1899లో డాక్టరు పట్టా తీసుకున్నారు. కార్నెల్‌లో ఎండీ అందుకున్న తొలి మహిళల్లో ఆమె ఒకరు.

వేలూరులో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి కట్టాలని అమెరికాలో ఆమె విరాళాలు అడిగారు. షెల్ అనే బ్యాంకు పెద్ద, చనిపోయిన భార్య మేరీ టేబర్ జ్ఞాపకంగా 10,000 డాలర్లు ఇచ్చారు. 1900 ఆరంభంలో ఐడా ఇండియాకు చేరుకున్నారు. పక్కనే ఉండి పని నేర్పుతారనుకున్న తండ్రి కొన్ని నెలలకే చనిపోయారు. పట్టా చేతిలో ఉంది. ఇక చేయి పట్టి నడిపించేవారు లేరు.

ఒక్క మంచం, ఒక్క సహాయకురాలు

ఇంట్లోని చిన్న గదిలో ఒకే ఒక్క మంచంతో ఐడా వైద్యం మొదలుపెట్టారు. మొదట్లో ఎవరూ రాలేదు. వయసులో చిన్నది, ఆడమనిషి, పైగా తెల్లమ్మ. నమ్మకం కుదిరాక మాత్రం జనం ఆగలేదు. రెండేళ్లలో ఐదు వేల మందిని ఆమె చూశారు.

ఐదు వేల మందిని ఒక్కరే చూడగలరా? లేరు. ఆ ఇంట్లో పనిచేసే కుటుంబానికి చెందిన సలోమి అనే మహిళ ఆమెకు తొలి సహాయకురాలైంది. ఆమెకు వైద్యం గురించి ముందు ఏమీ తెలియదు. రోగులను కూర్చోబెట్టడం, గాయం శుభ్రం చేయడం, పరికరాలు అందించడం ఒక్కొక్కటిగా ఐడా దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడు మనం వైద్య సహాయకులు, టెక్నీషియన్లు, నర్సులు అని వేర్వేరు పేర్లతో పిలిచే పనులన్నీ అప్పుడు సలోమి ఒక్కతే చేసింది.

డాక్టరు రోగిని చూసేది కొద్ది నిమిషాలే. దానికి ముందు, ఆ తర్వాత జరిగే పనంతా ఇంకొకరి చేతుల్లో ఉంటుంది. ఆ చేతులు సరిగ్గా పనిచేయకపోతే ఎంత గొప్ప డాక్టరున్నా ఉపయోగం లేదు. ఐడాకు ఇది తొలి రెండేళ్లలోనే అర్థమైంది. 1902లో 40 పడకలతో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచాక, శిక్షణ ఇవ్వకుండా పని నడవదని ఇంకా గట్టిగా తెలిసింది.

1903: మందు కలిపే చేయి

ఆసుపత్రి తెరిచిన మరుసటి ఏడాదే కాంపౌండర్లకు శిక్షణ మొదలైంది. కాంపౌండరంటే మన పెద్దలకు బాగా గుర్తు. డాక్టరు గది పక్కన చిన్న కిటికీ వెనక కూర్చుని, సీసాలో ఎర్ర మందు కలిపి, పక్కన కాగితం అంటించి గుర్తులు పెట్టి ఇచ్చే మనిషి. ఆ రోజుల్లో మాత్రలు సిద్ధంగా దొరికేవి కావు. పొడులు తూచాలి, ద్రావణాలు కలపాలి. తూకం తప్పితే మందే విషమవుతుంది.

కాంపౌండర్ల శిక్షణ ఆసుపత్రిలోనే జరిగింది. ఎదురుగా రోగులున్నారు, రాసిన చీటీలున్నాయి, తప్పు చేస్తే వెంటనే పట్టుకునే డాక్టరు ఉన్నారు. ఇలాంటి చదువుకు అసలు బలం ఇదే.

తర్వాతి కాలంలో ఈ వృత్తి చట్టం కిందికి వచ్చింది. 1948 ఫార్మసీ చట్టం వచ్చాక మందులు కలిపి ఇచ్చేవారు రిజిస్టరై ఉండటం తప్పనిసరి అయ్యింది. నేడు కాంపౌండర్ స్థానంలో ఫార్మసిస్టు ఉన్నారు. అందుకు చిన్న కోర్సు డీఫార్మసీ. రెండేళ్లు చదివాక 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ ఉంటుంది. ఆపైన చదవాలనుకుంటే ఈసెట్ రాసి బీఫార్మసీ రెండో ఏడాదిలో చేరొచ్చు. మందుల దుకాణంలో పదేళ్ల అనుభవం ఉన్నా రిజిస్ట్రేషన్ లేకపోతే చట్టం మిమ్మల్ని ఫార్మసిస్టుగా గుర్తించదు. దుకాణం పెట్టుకోవాలన్నా, ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేయాలన్నా ఆ రిజిస్ట్రేషనే ముఖ్యం.

1909: నర్సుల బడి

1909లో నర్సుల శిక్షణ మొదలైంది. ఇది కాంపౌండర్ల శిక్షణ కంటే కష్టమైంది. నర్సు పనిని ఆ రోజుల్లో మన సమాజం పరువైన పనిగా చూడలేదు. రోగి మలమూత్రాలు తీయాలి, పరాయివాళ్లను ముట్టుకోవాలి, రాత్రిళ్లు ఇంటికి దూరంగా ఉండాలి. మంచి కుటుంబాలు కూతుళ్లను పంపేవి కావు. ఐడా, ఆమెతో పనిచేసిన నర్సులు ఆ అపోహను ఒక్కరోజులో పోగొట్టలేదు. శిక్షణ పొందిన అమ్మాయిల పనే ఏళ్ల తరబడి దాన్ని కరిగించింది. 1946కల్లా వేలూరులో నర్సింగ్‌లో బీఎస్సీ డిగ్రీ కూడా మొదలైంది. దేశంలో ఆ డిగ్రీ మొదలైంది ఆ ఏడాదే. ఢిల్లీతో పాటు వేలూరూ ముందు వరసలో నిలిచింది.

నేడు నర్సింగ్‌లో మెట్లు స్పష్టంగా ఉన్నాయి. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. జీఎన్ఎం చేసినవారు మరో రెండేళ్లు చదివి పోస్ట్ బేసిక్ బీఎస్సీ తెచ్చుకోవచ్చు. వీటికి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ ఉంటుంది. ప్రాక్టికల్ నర్సింగ్, హోం నర్సింగ్ వంటి పేర్లతో ఆరు నెలలు, ఏడాది నేర్పే సర్టిఫికెట్లకు ఆ రిజిస్ట్రేషన్ ఉండదు. పెద్దవాళ్లను ఇంట్లో చూసుకునే పనికి అవి ఉపయోగపడొచ్చు. స్టాఫ్ నర్సు ఉద్యోగానికి మాత్రం పనికిరావు. మీ అమ్మాయి స్టాఫ్ నర్సు కావాలనుకుంటూ అలాంటి కోర్సులో చేరితే ఏడాది, ఫీజు రెండూ పోయినట్టే.

రోడ్డు పక్క చెట్టు కింద

1909లోనే వేలూరుకు ఒక చిన్న ప్యూజో కారు వచ్చింది. ఒకే సిలిండరు బండి అది. ఐడా అందులో సహాయకులను ఎక్కించుకుని గుడియాత్తం దారి పట్టేవారు. ముప్పై కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ దారిలో చెట్ల కింద రోగులు కాచుకుని ఉండేవారు. బండి ఆగిన చోటే ఆసుపత్రి. ఒకరు పేర్లు రాస్తుంటే ఇంకొకరు పుండ్లు కడిగేవారు, మరొకరు మందు పోసి ఇచ్చేవారు. కష్టమైన కేసులు ఐడా చూసేవారు. పెద్ద జబ్బు కనిపిస్తే వేలూరు పంపేవారు.

ఇప్పటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, సంచార వైద్య వాహనాలు పనిచేసే తీరు కూడా దాదాపు ఇదే. ఈ రంగంలో ఉద్యోగాలంటే నగరాల్లోని కార్పొరేట్ ఆసుపత్రులే కాదు. జిల్లా ఆసుపత్రి ల్యాబ్, మండల కేంద్రంలోని డయాలసిస్ యూనిట్, పట్టణంలోని స్కానింగ్ సెంటర్, రక్తనిధి కేంద్రం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్నిటికీ శిక్షణ పొందినవాళ్లు కావాలి. సొంతూరికి దగ్గర్లో బతకాలనుకునే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

1918: బయటివాళ్లు పెట్టిన పరీక్ష

ఒక్క డాక్టరు ఎంత తిరిగినా జిల్లా అంతా చూడలేరు. ఆడ డాక్టర్లను ఇక్కడే తయారు చేయాలని ఐడా నిర్ణయించుకున్నారు. మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారి ఆమె మాటను పెద్దగా నమ్మలేదు. దరఖాస్తులు మూడు వస్తే గొప్పని, ఆరుగురు దొరికితే మొదలుపెట్టమని అన్నారు. వచ్చిన దరఖాస్తులు ఆయన ఊహకు ఎన్నో రెట్లు మించాయి. 1918 ఆగస్టులో మహిళల వైద్య పాఠశాల మొదలైంది. సొంత భవనం లేదు. బోధకులు తక్కువ. చాలా పాఠాలు ఐడాయే చెప్పేవారు. చదువు ముగిస్తే వచ్చేది ఎల్ఎంపీ అనే డిప్లొమా.

మొదటి ఏడాది చివర ప్రభుత్వ పరీక్షకు విద్యార్థినులను పంపే రోజు వచ్చింది. ప్రెసిడెన్సీ అంతటికీ ఒకే పరీక్ష. మగ విద్యార్థులతో కలిసి రాయాలి. ఆ ఏడాది మగ విద్యార్థుల్లో అయిదుగురికి ఒకరే గట్టెక్కారు. వేలూరు నుంచి వెళ్లిన 14 మంది అమ్మాయిలూ పాసయ్యారు.

ఈ ఫలితం వెనక ఒక రహస్యం ఉంది. సొంత పరీక్ష పెట్టుకుని, సొంతంగా మార్కులు వేసుకుని, సొంత సర్టిఫికెట్ ఇచ్చుకుని ఉంటే ఆ పాఠశాల గురించి ఎవరికీ తెలిసేది కాదు. బయటి పరీక్ష రాశారు కాబట్టే వాళ్ల చదువుకు విలువ వచ్చింది. మీరు చూస్తున్న కోర్సుకు పరీక్ష ఎవరు పెడతారు? రాష్ట్ర పారామెడికల్ బోర్డా, విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమా, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమా, లేక ఆ సంస్థేనా? ఈ ఒక్క ప్రశ్నకు సూటి జవాబు రాకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

డిప్లొమా చెల్లని రోజు

ఐడా జీవితంలో పెద్ద దెబ్బ 1930ల చివర్లో తగిలింది. అప్పటికి ఆమెకు అరవై ఏడేళ్లు. వేలూరు పాఠశాల నుంచి ఎందరో మహిళా డాక్టర్లు బయటికి వచ్చారు. ఊరి మధ్య పెద్ద ఆసుపత్రి నడుస్తోంది. ఆ సమయంలో మద్రాసు ప్రభుత్వం ఎల్ఎంపీ డిప్లొమాను ఆపేయాలని నిర్ణయించింది. ఇకపై డాక్టరు కావాలంటే విశ్వవిద్యాలయ డిగ్రీ ఉండాల్సిందే. వేలూరు పాఠశాల డిగ్రీ కళాశాలగా ఎదగాలి, లేదా కొత్తగా విద్యార్థులను చేర్చుకోవడం మానేయాలి. ఎదగాలంటే పెద్ద చదువులున్న ఆచార్యులు, ఇంకా ఎక్కువ పడకలు, ప్రయోగశాలలు కావాలి. వీటన్నిటికీ డబ్బు కావాలి. ఆ డబ్బు ఎక్కడిది?

ఇక్కడ ఒకటి గమనించండి. అమ్మాయిల చదువు నాసిరకమని ఎవరూ అనలేదు. బోధన బాగానే ఉంది, రోగులున్నారు, పరీక్షల ఫలితాలు బాగున్నాయి. అయినా నియమం మారగానే కోర్సు నిలబడలేదు. మంచి చదువూ, చెల్లే చదువూ ఎప్పుడూ ఒకటే కావు. రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఐడా వెనక్కి తగ్గలేదు. 1941లో, డెబ్బై దాటిన వయసులో, అమెరికా వెళ్లి ఊరూరా తిరిగి విరాళాలు అడిగారు. ప్రపంచ యుద్ధం నడుస్తుండగా ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు. ఇటు వేలూరులో సహచరులు సంస్థను నిలబెట్టారు. 1942లో ఎంబీబీఎస్ మొదలైంది. పూర్తి గుర్తింపు రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఆడవాళ్ల కోసమే పుట్టిన కళాశాల 1940ల్లోనే మగపిల్లలకూ తలుపులు తెరిచింది.

ఇప్పుడు మన రాష్ట్రాల్లోనూ నియమాలు మారే సమయమే. 2021లో కేంద్రం వైద్య అనుబంధ వృత్తుల కోసం జాతీయ కమిషన్ చట్టం తెచ్చింది. ల్యాబ్, రేడియాలజీ, ఆపరేషన్ థియేటర్, డయాలసిస్, ఫిజియోథెరపీ, ఫిజీషియన్ అసిస్టెంట్ వంటి వృత్తులన్నిటికీ ఒకే గొడుగు అది. ఆ చట్టం లెక్కన అనుబంధ వైద్య వృత్తి నిపుణులు కావాలంటే రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2000 గంటల చదువు ఉండాలి. ఇంకా పై స్థాయి వృత్తులకు మూడు నుంచి ఆరేళ్లలో 3600 గంటలు. మూడు నెలల్లో టెక్నీషియన్ అయిపోవచ్చన్న ప్రకటన చూసినప్పుడు ఈ అంకెలు గుర్తు తెచ్చుకోండి. చట్టం రాష్ట్రాల్లో దశలవారీగా అమలవుతుంది కాబట్టి, చేరే ఏడాదికి ఏ నియమం వర్తిస్తుందో బోర్డు లేదా విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. కళాశాల వాళ్లు నోటిమాటగా చెప్పింది చాలదు.

విశాఖ నుంచి వచ్చిన వారసురాలు

స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ఆ సంస్థ పగ్గాలు అందుకున్న తొలి భారతీయురాలు మన విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా మేరీ లాజరస్. ప్రసూతి వైద్యంలో దేశమంతటా పేరున్న ఆమె, నర్సులకు, మంత్రసానులకు శిక్షణ ఇవ్వడంలో ఏళ్లు గడిపారు. ఒక్క మంచంతో అమెరికా డాక్టరమ్మ మొదలుపెట్టిన పని, కొంతకాలానికి ఒక తెలుగు డాక్టరమ్మ చేతికి వచ్చింది.

ఐడా కొడైకెనాల్‌లో విశ్రాంతి జీవితం గడిపారు. పెళ్లి చేసుకోలేదు. విద్యార్థులు ఆమెను అత్తా అని పిలిచేవారు. 1960 మే నెలలో, తొంభయ్యో ఏట, అక్కడే కన్నుమూశారు. తిండివనంలో ఆ రాత్రి ముగ్గురు తల్లులకు అందని సాయం, ఆమె పోయేనాటికి వేల చేతుల్లోకి చేరింది. వాటిలో డాక్టర్ల చేతులు కొన్నే. మిగతావన్నీ నర్సులవి, ఫార్మసిస్టులవి, ల్యాబ్‌లో సూక్ష్మదర్శిని మీద వంగి పనిచేసేవాళ్లవి.

ఉద్యోగాల సంగతేమిటి?

ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. డిప్లొమాతో ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే మొదటి జీతం చాలామంది అనుకున్నదానికంటే తక్కువే ఉంటుంది. రెండు మూడేళ్ల అనుభవం, ఒక ప్రత్యేక నైపుణ్యం తోడైతే పెరుగుతుంది. డయాలసిస్, క్యాథ్ ల్యాబ్, ఎంఆర్ఐ, ఆపరేషన్ థియేటర్ వంటి విభాగాల్లో చేయి తిరిగినవాళ్లను ఆసుపత్రులు తొందరగా వదులుకోవు.

ప్రభుత్వ కొలువులకు తెలంగాణలో వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు, ఆంధ్రప్రదేశ్‌లో వైద్య సేవల నియామక బోర్డు ప్రకటనలు ఇస్తుంటాయి. స్టాఫ్ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు పోస్టులకు పోటీ ఎక్కువ. నోటిఫికేషన్‌లో అడిగిన అర్హత, రిజిస్ట్రేషన్ అక్షరాలా సరిపోవాలి. పాత నోటిఫికేషన్ ఒకటి తీసి, అందులోని అర్హతను మీరు చూస్తున్న కోర్సు పేరుతో పోల్చి చూడండి. పది నిమిషాల పని ఇది. రెండేళ్ల నష్టాన్ని తప్పిస్తుంది.

ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు నాలుగేళ్లు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. రోగి వివరాలు సేకరించడం, వార్డుల్లో డాక్టరుకు తోడుగా ఉండటం, ఆపరేషన్‌లో సహాయం వీరి పని. పేరులో ఫిజీషియన్ ఉన్నా సొంతంగా క్లినిక్ పెట్టి వైద్యం చేసే హక్కు ఉండదు. ఈ సంగతి చేరేముందే పిల్లలకు స్పష్టంగా తెలియాలి. విదేశాలకు వెళ్లాలనుకునేవారికి ఇక్కడి సర్టిఫికెట్ మొదటి మెట్టు మాత్రమే. ఆ దేశం పెట్టే లైసెన్సు పరీక్ష వేరే రాయాలి.

చేరేముందు అడగాల్సినవి

• గుర్తింపు ఎవరిది? పారామెడికల్ బోర్డు, నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసీ కౌన్సిల్, ఆరోగ్య విశ్వవిద్యాలయం... ఏదో ఒక దాని జాబితాలో ఈ ఏడాది ఈ కళాశాల పేరు, ఈ కోర్సు పేరు ఉన్నాయా?

• ఆసుపత్రి ఎక్కడ? ఎన్ని పడకలు, రోజుకు ఎంతమంది రోగులు? నర్సింగ్ కళాశాలకు సాధారణంగా కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలి. ఒకసారి పొద్దున పదింటికి వెళ్లి వార్డులు చూడండి. పడకలుండి రోగులు లేకపోతే నేర్చుకునేది ఏమీ ఉండదు.

• నేర్పేది ఎవరు? ఆ పని స్వయంగా చేసే టెక్నీషియన్లు, నర్సులు పక్కనుండి నేర్పుతారా? ఒక్కో యంత్రం దగ్గర ఎంతమంది విద్యార్థులు?

• పరీక్ష ఎవరు పెడతారు? చివరి సర్టిఫికెట్ మీద ఎవరి ముద్ర ఉంటుంది?

• ఆపై మెట్టు ఉందా? ఈ డిప్లొమాతో డిగ్రీ రెండో ఏడాదిలో చేరొచ్చా? ఏ విశ్వవిద్యాలయంలో?

• నిరుడు చదివినవాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారు? కళాశాల చూపే ఫొటోలు కాకుండా, ఇద్దరు పూర్వ విద్యార్థులతో మీరే మాట్లాడండి.

• ఫీజు మొత్తం ఎంత? పరీక్ష ఫీజు, హాస్టల్, యూనిఫాం, ఇంటర్న్‌షిప్ ఖర్చు కలిపి కాగితం మీద రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ముందే ఇచ్చేయకండి.

• పిల్లలకు ఇష్టమేనా? నాలుగు రోజులు ఆసుపత్రి చూశాక కూడా వెళ్తామంటేనే చేర్పించండి. ఐడా కూడా ఈ వృత్తి వద్దనే అనుకున్నారు. అవసరం ఎంతో స్వయంగా చూశాకే దానిలోకి వచ్చారు, ఇక వదల్లేదు.